చెరువు మట్టిలో దాగిన పాత అడవి

పుప్పొడి రేణువులు విప్పుతున్న మన నేల చరిత్ర - మన గుట్టలు నిజంగా బంజరేనా?

వికారాబాద్, తాండూరు:

2015 ఎండాకాలంలో మా ఊరి చెరువు పూడిక తీశారు. మిషన్ కాకతీయ మొదలైన ఏడాది అది. పొక్లెయిన్ నల్లటి మట్టిని ఎత్తిపోస్తుంటే ట్రాక్టర్లు బారులు తీరాయి. మట్టికి డబ్బులు లేవు, తోలుకునే కిరాయి మాత్రం రైతుదే. మేము కూడా మా కంది చేనుకు తోలించాం. ఆ ఏడు కాకపోయినా మరుసటి ఏటి నుంచి చేను తేరుకుంది. చెరువు మట్టి అంటే ఖర్చు లేని ఎరువు అని మా పెద్దలు చెప్పిన మాట నిజమే అయింది.

అయితే ఆ మట్టి ఎరువు మాత్రమే కాదని, అది మా ఊరి పాత దస్తావేజు కూడా అని చాలా రోజుల తర్వాత తెలిసింది. మా తాతల కాలంలో చెరువు చుట్టూ ఏ చెట్లు ఉండేవి, ఏ పంట వేసేవారు, ఎప్పుడు అడవి తగ్గింది, ఎప్పుడు గడ్డి పెరిగింది అన్నది ఆ మట్టి పొరల్లో రాసి ఉంటుందట. చదివేవారికి అది కనిపిస్తుంది. మేము మాత్రం చదవకుండానే చేనులో చల్లేశాం.

పాత కాలపు చెట్టుచేమను, మారిన నేల రూపును వెతికే పని భూగోళ శాస్త్రజ్ఞులు, వృక్ష శాస్త్రజ్ఞులు, తవ్వకాల శాస్త్రజ్ఞులు కలిసి చేస్తున్నారు. ఎక్కడో సముద్రాల అవతల కాదు, మన దక్కను పీఠభూమి మీదనే చేస్తున్నారు. అందులో మన జిల్లా నేల కూడా ఉంది. వారు తేల్చిన సంగతులు మన గుట్టలకు, బంచరాయి భూములకు, గొర్ల మందలకు నేరుగా సంబంధించినవి. అందుకే ఈ కథనం.

పూత రాలితే పుస్తకం

చింత పూసినా, మామిడి పూసినా, జొన్న కంకి ఈనినా పుప్పొడి రాలుతుంది. అది వెంట్రుక మందం కన్నా సన్నని రేణువు. కంటికి కనిపించదు. గాలికి కొంత, వాననీటికి కొంత కొట్టుకుపోయి చెరువులో పడుతుంది, ఒండ్రుతో కలిసి అడుగుకు చేరుతుంది. ఏటా వానకాలం వచ్చిపోయేసరికి ఒక పొర, దాని మీద మరో పొర. పుప్పొడి పైపెంకు చాలా గట్టిది. గాలి తగలని బురదలో ఉంటే వేల సంవత్సరాలైనా కుళ్లదు. ఒక్కో జాతి చెట్టు పుప్పొడికి ఒక్కో రూపం ఉంటుంది. ఒకటి ముళ్లబంతిలా, ఒకటి గోధుమ గింజలా, ఒకటి నున్నటి గోళీలా కనిపిస్తుంది.

ఈ రేణువులను పొరల వారీగా లెక్కపెడితే పాత అడవుల రూపు తెలుస్తుందని 1916లో లెన్నార్ట్ ఫాన్ పోస్ట్ అనే స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు చూపించాడు. అప్పటి నుంచి ఇదే పద్ధతి. చెరువు లేదా సరస్సు అడుగున పొడవాటి గొట్టం దించి మట్టిని పొరలు చెదరకుండా పైకి తీస్తారు. ఆ మట్టికడ్డీని చిన్న ముక్కలుగా కోస్తారు. ప్రయోగశాలలో ఆమ్లాలతో ఇసుకను, సున్నాన్ని కరిగిస్తారు. మిగిలిన పుప్పొడిని సూక్ష్మదర్శిని కింద పెట్టి ఒక్కో ముక్కలో వందల రేణువులు లెక్కిస్తారు. మన దేశంలో ఈ విద్యకు పెద్ద బడి లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ. 1946లో ఏర్పడింది.

పొర వయసు తేల్చడానికి మరో ఉపాయం ఉంది. ప్రాణమున్న ప్రతి దానిలో రేడియో కార్బన్ అనే పదార్థం కొద్దిగా ఉంటుంది. చెట్టు చచ్చిన తర్వాత అది 5,730 ఏళ్లకు సగం తగ్గిపోతుంది. ఎంత మిగిలిందో కొలిస్తే ఎన్నేళ్లయిందో తెలుస్తుంది.

పరాయి మొక్కలు కూడా గడియారంలాగా పనికివస్తాయి. మిరప, మక్కజొన్న, పల్లి మొదలైనవి అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు ఓడలు వచ్చిన తర్వాతనే మన దేశానికి చేరాయి. మన గుట్టల మీద బుట్టలకొద్దీ కాసే సీతాఫలం పుట్టిల్లు కూడా ఆ ఖండమే. సర్కారు తుమ్మ 1877లో కడప ప్రాంతంలో నాటిన తర్వాత తెలుగు నేలంతా పాకింది. కాబట్టి ఒక పొరలో మక్కజొన్న పుప్పొడి కనిపిస్తే అది 1500 సంవత్సరం కన్నా పాతది కాదని, సర్కారు తుమ్మ కనిపిస్తే ఇంకా ఇటీవలిదని చెప్పవచ్చు.

జొన్నకు ఒక గుర్తు, కందికి ఒక గుర్తు

పుప్పొడి ఒక్కటే సాక్ష్యం కాదు. జొన్న, సజ్జ, మక్క, చెరకు, గుట్ట మీది గడ్డి చాలా వరకు ఒక తీరుగా గాలిని పీల్చుకుంటాయి. కంది, వరి, చెట్లు మరో తీరుగా పీల్చుకుంటాయి. ఆ తేడా వాటి ఆకుల్లోని కర్బనంలో గుర్తుగా మిగిలిపోతుంది. ఆకు మీద మెరిసే మైనం మట్టిలో కలిసినా ఆ గుర్తు చెరగదు. మట్టిలోని మైనాన్ని పరీక్షిస్తే ఆ కాలంలో ఆ నేల మీద చెట్లు ఎక్కువా గడ్డి ఎక్కువా అన్నది తెలిసిపోతుంది. పాత పొయ్యిల్లో, బూడిద దిబ్బల్లో దొరికే బొగ్గు ముక్కను కోసి చూస్తే ఏ చెట్టు కట్టెనో కూడా చెప్పగలుగుతున్నారు.

ఈ సాక్ష్యాలకు లోపాలూ ఉన్నాయి. మన చెట్లలో చాలా వాటి పుప్పొడిని తేనెటీగలు, పురుగులు మోస్తాయి కనుక చెరువులోకి తక్కువగా చేరుతుంది. గడ్డి పుప్పొడి చాలా వరకు ఒకేలా ఉంటుంది. ఎండాకాలం పగుళ్లు వారే చెరువులో గాలి సోకి పుప్పొడి చెడిపోతుంది. ఎప్పుడూ తడి ఆరని అడుగు పొరలోనే మంచి సాక్ష్యం ఉంటుంది. అందుకే ఒక్క సాక్షి మాటతో తీర్పు చెప్పరు. నలుగురు సాక్షులు ఒకే మాట చెప్పినప్పుడే నమ్ముతారు.

నస్కల్ రాయిలో రాక్షసిబల్లుల కాలం

మన జిల్లా ఈ పరిశోధనకు కొత్త కాదు. పరిగి వైపున్న నస్కల్ పేరు ప్రపంచంలోని శాస్త్రజ్ఞులకు తెలుసు. దక్కను నల్లరాయి అంతా ఒకప్పుడు భూమి నుంచి పొంగిన లావా. ఒక పొంగుకు, మరో పొంగుకు మధ్య వేల ఏళ్ల విరామం ఉండేది. ఆ విరామంలో చెరువులు, మడుగులు ఏర్పడి మట్టి పేరుకుంది. దాని మీద మళ్లీ లావా కప్పేసింది. నస్కల్‌లో అలాంటి మట్టిపొర ఒకటి బయటపడింది.

ఆ పొరలో చుంచెలుక పాటి జంతువు పళ్లు దొరికాయి. జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని అనే శాస్త్రజ్ఞులు 1988లో నేచర్ పత్రికలో ఆ సంగతి ప్రకటించారు. రాక్షసిబల్లుల చివరి యుగమైన క్రెటేషియస్ కాలానికి చెందిన పాలిచ్చే జంతువు మన దేశంలో దొరకడం అదే మొదటిసారి. దాని వయసు దాదాపు 6 కోట్ల 60 లక్షల ఏళ్లు. 2006లో అదే నస్కల్ పొరలోని పుప్పొడిని పరిశీలించి, అది రాక్షసిబల్లుల చివరి కాలపు పొరేనని నిర్ధారించారు. ఇలాంటి లావా నడిమి పొరల్లో, ఇవాళ వరి మడుల్లో పెంచే అజోల్లాకు చుట్టమైన నీటిమొక్క గుర్తులు కూడా దొరుకుతుంటాయి.

తాండూరు కథ ఇంకా పాతది. మనం ఇళ్లలో పరిచే నీలం, పసుపు రంగు నాపరాళ్లు ఒకనాటి సముద్రపు అడుగు. భూమి మీద మొక్క అనేది పుట్టక ముందే ఆ రాయి ఏర్పడింది. అందుకే ఎన్ని బండలు చీల్చినా ఒక్క ఆకు అచ్చు కూడా కనిపించదు. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్ దాకా రైలు పడింది. ఆ దారి మీదనే తాండూరు రాయి దేశదేశాలకు పోయింది. గనుల పక్కన గుట్టలుగా పోసిన రాతి వ్యర్థం ఇవాళ తాండూరు చుట్టుపక్కల నేల రూపునే మార్చివేసింది. నేల మారడం అంటే ఏమిటో తెలుసుకోవడానికి తాండూరు వారు పుస్తకం చదవనవసరం లేదు.

లోనార్ గుంట చెప్పిన మాట

ఇక అసలు విషయానికి వద్దాం. మన గుట్టల మీద అక్కడక్కడ చెట్లు, నడుమ గడ్డి, పొదలు కనిపిస్తాయి. ఒకప్పుడు ఇదంతా దట్టమైన అడవి అనీ, మనుషులు నరికి, పశువులు మేసి ఇట్లా చేశారనీ అందరూ అనుకుంటారు. బడి పుస్తకాల్లోనూ అదే చదివాం. 1960లలో పాండిచ్చేరిలోని ఫ్రెంచ్ సంస్థ దక్షిణ భారతానికి పెద్ద వృక్ష పటాలు తయారుచేసింది. తూర్పు 78వ రేఖాంశం వికారాబాద్ పట్టణానికి కాస్త తూర్పుగా పోతుంది కనుక మన జిల్లా దాదాపు అంతా అందులోని బొంబాయి పటంలోకి వస్తుంది. ఆ పటాల పద్ధతిలో పొదలను, గడ్డిని అడవి చెడిపోయిన మెట్లుగా లెక్కించారు.

ఈ అభిప్రాయానికి ఎదురైన సాక్ష్యం మహారాష్ట్రలో బుల్ఢాణా జిల్లా లోనార్‌లో దొరికింది. ఆకాశం నుంచి ఉల్క పడి ఏర్పడిన పెద్ద గుంట అది. లోపల సరస్సు ఉంది. చుట్టూ మనలాంటి నల్లరాతి నేలే. ఆ సరస్సు అడుగు మట్టిని పొరలుగా తీసి పుప్పొడి, బొగ్గు, ఆకు మైనం అన్నీ పరీక్షించారు. 2021లో ఫలితం ప్రకటించారు. సుమారు 6,000 ఏళ్ల కిందట వానలు బలహీనపడటం మొదలైందనీ, దానితో అడవి తగ్గి, చెట్లు గడ్డి కలిసిన మైదానం పెరిగిందనీ తేల్చారు. ఆ మార్పుకు కారణం గొడ్డలి కాదు, నిప్పు కాదు, వాన అన్నారు. ముందు గడ్డినేల వచ్చింది, దాని తర్వాతనే వ్యవసాయం, స్థిరమైన ఊళ్లు వచ్చాయి అన్నది వారి వాదన. అంటే మనం అనుకున్నదానికి తలకిందులు.

గోదావరి సముద్రంలో కలిసే చోట, బంగాళాఖాతం అడుగున తీసిన మట్టి కూడా అటువంటి మాటే చెప్పింది. 2012లో ప్రకటించిన ఆ పరిశోధనలో ఆకు మైనమే సాక్షి. సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి 1,700 ఏళ్ల కిందటి వరకు గోదావరి పరీవాహక ప్రాంతంలో ఎండను తట్టుకునే మొక్కలు క్రమంగా పెరిగాయి. ఆ తర్వాత అవే నిలిచిపోయాయి. మన మూసీ, కాగ్నా నీళ్లు కృష్ణలో కలిసేవే అయినా మన పొరుగున పారే మంజీర గోదావరి బిడ్డే. నేల మాత్రం ఇటూ అటూ ఒకటే దక్కను నేల.

అయితే మనిషికి ఇందులో పాత్ర లేదని కాదు. అదే గోదావరి నోటి మట్టి మీద 2017లో మరో పరిశోధన వచ్చింది. గత 4,000 ఏళ్లలో వానలు తగ్గుతూ వచ్చినా సముద్రానికి కొట్టుకుపోయే మట్టి మాత్రం విపరీతంగా పెరిగిందని అందులో చూపించారు. వాన తగ్గితే కోత తగ్గాలి కదా? పెరిగిందంటే నేల మీది కప్పు పోయిందన్నమాట. నాగలి పెరిగింది, చేలు పెరిగాయి, దక్కను నల్లమట్టి కరిగి పోయింది. వాన నేలను తెరిచింది, మనిషి ఆ నేలను దున్నాడు. రెండూ కలిసిన కథ ఇది.

బూడిద దిబ్బల వారసులు

మన పొరుగునే దీనికి మరో సాక్ష్యం ఉంది. నాటి మహబూబ్‌నగర్ జిల్లా మక్తల్ ప్రాంతంలోని ఉట్నూరులో ఒక బూడిద దిబ్బ ఉంది. 1957లో ఆల్చిన్ అనే తవ్వకాల శాస్త్రజ్ఞుడు దాన్ని తవ్వాడు. అది పశువుల దొడ్డి. సుమారు 4,000 ఏళ్ల కిందట అక్కడ మందలు కట్టేవారు. పేరుకున్న పేడను మళ్లీ మళ్లీ కాల్చేవారు. పొరల మధ్య పశువుల గిట్టల అచ్చులు కూడా దొరికాయి.

అంత పెద్ద మందలు బతకాలంటే మేత కావాలి. దట్టమైన అడవిలో పశువుకు మేత దొరకదు, గడ్డినేలలోనే దొరుకుతుంది. ఆ కాలపు దక్షిణాది ఊళ్ల పొయ్యిల్లో, గుంతల్లో దొరికిన గింజలు ఉలవ, పెసర, చిరుధాన్యాలు. బళ్లారి దగ్గరి సంగనకల్లులో సుమారు 3,400 ఏళ్ల నాటి కంది గింజలు కూడా దొరికాయి. కందికి అడవి చుట్టం ఒడిశా, బస్తర్ వైపు ఉంది. అటునుంచి పొలం గట్లు దాటుతూ వచ్చిన పంట 2022లో తాండూరు కందిగా జీఐ గుర్తింపు పొందింది. లోతైన నల్లరేగడి, దాని కింద సున్నపురాయి, తక్కువ వాన కలిసి ఇచ్చిన రుచి అది. పాత వానలు ఎలా మారాయో తెలుసుకోవడం కంది రైతుకు ఉత్త ముచ్చట కాదు.

చెరువు కట్టడం మొదలైన తర్వాత నేల మళ్లీ మారింది. విజయనగర రాజుల కాలంలో కట్టిన కమలాపురం చెరువు మట్టిలోని పుప్పొడిని క్యాథ్లీన్ మారిసన్ అనే పరిశోధకురాలు పరిశీలించారు. ఊరు పెరిగినప్పుడు, సేద్యం పెరిగినప్పుడు, రాజ్యం పోయి ఊరు పలచబడినప్పుడు చుట్టూ ఉన్న చెట్టుచేమ ఎలా మారిందో ఆ చెరువు నుంచే రాబట్టారు. రాజుల శాసనాలు చెప్పని సంగతి చెరువు చెప్పింది.

బంజరు అన్న మాట బరువు

ఇదంతా పాత కథ, మనకెందుకు అని అనిపించవచ్చు. బంజరు అనే ఒక్క మాట ఎంత పని చేస్తుందో చూస్తే ఎందుకో తెలుస్తుంది.

కేంద్ర ప్రభుత్వ భూవనరుల శాఖ, హైదరాబాద్‌లోని దూరసంవేదన సంస్థ కలిసి 2000లో దేశపు బంజరు భూముల అట్లాసు వెలువరించాయి. తర్వాత కూడా పలుమార్లు వచ్చింది. అందులో పొదలున్న నేల, క్షీణించిన మేతభూమి బంజరు కిందనే లెక్క. కాగితం మీద బంజరు అని పడితే ఆ నేలకు అడిగేవారు ఉండరు. ఫ్యాక్టరీకి, గనికి, వెంచరుకు, మరో దానికి ముందుగా గుర్తుకొచ్చేది అదే. లేదా మంచి ఉద్దేశంతోనే గుంతలు తీసి, గడ్డినేలంతా చెట్లతో నింపుతారు. గడ్డి పోతుంది. చెట్టు కూడా ఎండాకాలం దాటదు.

కానీ అది వేల ఏళ్లుగా గడ్డినేలే అయితే? అది చెడిపోయిన అడవి కాదు, తన తీరుగా బతుకుతున్న నేల. దాని మీద కృష్ణజింకలు, తోడేళ్లు, కౌజులు బతుకుతాయి. కురుమల, గొల్లల మందలు బతుకుతాయి. 2017లో రాష్ట్ర ప్రభుత్వం గొర్రెల పంపిణీ పథకం ప్రారంభించింది. గొర్రెను ఇచ్చింది సర్కారే అయినా దాన్ని సాకేది బంచరాయి గడ్డే.

అడవి లేదని కూడా కాదు. అనంతగిరి ఎర్రమట్టి గుట్టలు, మూసీ పుట్టిన లోయలు, వాగుల ఒడ్లు చెట్ల చోట్లే. పూడూరు మండలం దామగుండంలో 2,900 ఎకరాల అటవీ భూమిలో నౌకాదళం వీఎల్‌ఎఫ్ సమాచార ప్రసార కేంద్రానికి 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన జరిగింది. అప్పుడు జరిగిన వాదోపవాదాలు ఎక్కువగా ఎన్ని చెట్లు పోతాయన్న లెక్క చుట్టూ తిరిగాయి. చెట్ల లెక్క అవసరమే. దానితో పాటు ఆ నేల ఎప్పటి నుంచి ఏ రూపంలో ఉంది, ఏది అడవి, ఏది గడ్డి, ఏ నీరు ఎటు పోతుంది అన్న లెక్క కూడా అంతే అవసరం. ఆ లెక్క మట్టిలోనే ఉంటుంది. మట్టి ఒకసారి కదిలితే మళ్లీ దొరకదు.

పేరులో మిగిలిన చెట్టు

శాస్త్రజ్ఞులు రాకముందే మనం చేయగలిగిన పని ఒకటి ఉంది. ఊరి పేర్లలో, చెలకల పేర్లలో పాత చెట్లు దాగి ఉంటాయి. చింతపల్లి, మామిడిపల్లి, తుమ్మలపల్లి వంటి పేర్లు తెలుగు నేలంతా ఉన్నాయి. వికారాబాద్ దగ్గరి గొట్టిముక్కల పేరు వింటే ముళ్ల గొట్టిచెట్టు గుర్తుకొస్తుంది. ఇప్పల కుంట, మోదుగుల చెలక, రేగుల గడ్డ అని పిలిచే చోట ఇప్పుడు ఆ చెట్టు ఒక్కటైనా ఉందా? లేకపోతే ఎప్పుడు పోయింది? పట్టా పుస్తకంలో సర్వే నంబరు మాత్రమే ఉంటుంది. ఆ పేరు పెద్దల నోట్లోనే ఉంది.

తాండూరు, కొడంగల్ 1956 దాకా గుల్బర్గా జిల్లాలో ఉండేవి. ఆ తర్వాత ఒకటి హైదరాబాద్ జిల్లాకు, ఒకటి మహబూబ్‌నగర్‌కు పోయాయి. 1978లో రంగారెడ్డి, 2016లో వికారాబాద్ జిల్లాలు వచ్చాయి. జిల్లా మారినప్పుడల్లా పాత కాగితం ఒక కచేరీలో ఉండిపోతుంది. సర్వే ఆఫ్ ఇండియా పటాల్లో మాత్రం ఈ రెండు పట్టణాలూ 56 జి అనే ఒకే షీటులో ఉన్నాయి. పాత ముద్రణను, కొత్త ముద్రణను పక్కపక్కన పెడితే ఏ గుట్ట మీద పొద తగ్గిందో, ఏ కుంట మాయమైందో బడి పిల్లలు కూడా చెప్పగలరు. 1960ల్లో అమెరికా గూఢచారి ఉపగ్రహాలు తీసిన ఫోటోలు కూడా 1995లో రహస్య జాబితా నుంచి బయటకు వచ్చాయి. పరిశోధకులు వాటిని ఇప్పుడు చెరువులు, వాగులు వెతకడానికి వాడుతున్నారు.

గొట్టమెడు మట్టి దాచితే చాలు

2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి. ఊరి చెట్లు, గడ్డి, పంటలు, జంతువుల వివరాలతో ప్రజా రిజిస్టరు రాయాలి. ఆ రిజిస్టరును ఎక్కడో కూర్చుని నింపే కాగితంలా చూడకుండా, మంద తోలే పెద్దమనిషిని, కట్టెలు ఏరిన అవ్వను, ఇల్లు కప్పడానికి బోదగడ్డి కోసిన తాతను కూర్చోబెట్టి రాస్తే అదే మంచి పరిశోధన అవుతుంది. ఏ గడ్డి ఏ గుట్ట మీద ఉండేది, ఎప్పుడు లేకుండా పోయింది, సర్కారు తుమ్మ ఎప్పుడు వచ్చింది అన్న మూడు ప్రశ్నలు అడిగినా సగం చరిత్ర వస్తుంది.

ఇక చెరువులు. పూడిక తీయవద్దని ఎవరూ అనరు. ఆ మట్టి చేనుకు పోవాల్సిందే. కానీ పొక్లెయిన్ దిగేముందు చెరువు నడుమ తడి ఆరని చోట ఒక గొట్టం దించి, పొరలు చెదరకుండా ఆ కాస్త మట్టిని తీసి, ఊరి పేరు, తేదీ రాసి, యూనివర్సిటీ భూగోళ శాఖకో, లక్నో సంస్థకో పంపే ఏర్పాటు ఉంటే చాలు. ఖర్చు ఒక ట్రాక్టర్ కిరాయి అంత కూడా కాదు. నీటిపారుదల శాఖ, జిల్లా యంత్రాంగం ఈ సంగతి ఆలోచించవలసి ఉంది.

మా చెరువు మట్టి ఇప్పుడు మా చేనులోనే ఉంది. పదేళ్లుగా నాగలి దాన్ని కలియదున్నింది. పై పొర ఏదో, కింది పొర ఏదో ఇక ఎవరూ చెప్పలేరు. కంది మాత్రం బాగా కాస్తోంది. ఇంకా పూడిక తీయని చెరువులు మన జిల్లాలో ఉన్నాయి. వాటి అడుగున ఉన్న పుటలనైనా చదివిన తర్వాతనే చేనుకు తోలుకుందాం.